బ్యానర్‌లో పాప, బ్యానర్‌లో మామ

ఆదివారం ఉదయం ప్రీతికి చెవులు కుట్టాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి, ఆచారి సూది గుచ్చాలి, అందరూ భోంచేసి బస్సెక్కాలి. తండ్రి సుందర్ వేసుకున్న లెక్క ఇంతే.

పదేళ్లొచ్చినా చెవులు కుట్టకపోవడానికి కారణం మేనమామ ప్రతాప్. ఆరేళ్ల కిందట మస్కట్ వెళ్లాడు. ఆయన ఒడి లేనిదే సూది లేదు. ఒకసారి ఎవరితోనో ఒక బొమ్మను పంపాడు. దాని నడుము రెండు వేళ్ల మధ్య ఇమిడేది. "నీ మాదిరే ఉండాది చూడు పాపా" అన్నాడు ఫోన్లో. ప్రీతి అద్దంలో చూసుకుంది. లేదు. అప్పటి నుంచి మామకు పంపే ప్రతి ఫోటోలోనూ బుగ్గలు తగ్గించి, రంగు పెంచి, నడుము లాగి పంపింది. మామ పంపే ఫోటోల్లో మామకు కండలున్నాయి, పొట్ట లేదు. వీడియో కాల్ అంటే మాత్రం ఇద్దరికీ నెట్ చాలేది కాదు.

తమిళనాడు ధర్మపురిలో కల్యాణ మండపం ముందు రెండు బ్యానర్లు లేచాయి. ఒకదాంట్లో పాప, ఇంకోదాంట్లో మామ. సుందర్ మొదటిదాని కింద ఆగాడు.

"మణీ, ఈ పాప ఎవరప్పా?"

"మీ పాపే అన్నా," అన్నాడు బ్యానర్లు వేసే మణికండన్. "ఫోటో పాపే ఇచ్చింది. నేను రవంత టచ్ చేసినా."

మొరప్పూరు బంధువుల వ్యాను వచ్చింది. అందులోంచి మాదమ్మ తల బయటపెట్టి, "ఇది మన పాప కాదే, పోనీ పోనీ" అని వ్యానును పక్క మండపానికి పోనిచ్చింది. అక్కడ జరుగుతున్న పెళ్లిలో అందరూ టిఫిన్ తిన్నారు. సుందర్ పోయి పిలిస్తే, కాఫీ తాగి వస్తామన్నారు.

ప్రీతి తన బ్యానర్‌ను కాసేపు చూసి, వంటశాల వెనక్కి వెళ్లి ఉల్లిగడ్డల మూట మీద కూర్చుంది. ఆమెను వెతికే కుర్రాళ్లు ఆ దారినే వచ్చారు.

"పాపా, బ్యానర్లో ఉండే పాపను చూసినావా?"

"లేదు," అంది ప్రీతి. వాళ్లు వెళ్లిపోయారు.

వెనక గేటు తోసుకుని ఒక మనిషి వచ్చి, పెట్టె దించి, బోర్లించిన వంట అండా మీద కూర్చున్నాడు.

"లోపలికి పోలేదా పాపా?"

"జనం. నువ్వు?"

"నాకూ జనమే."

ఆయన కాళ్ల దగ్గరి ఉల్లిపొట్టు పక్కకు తోసి మళ్లీ అడిగాడు.

"ఆ బ్యానర్ పాపను చూసినావా? ఎట్లుంటాది?"

"చానా సన్నం. బొమ్మ మాదిరి. వాళ్ల మామకు అట్లుంటేనే ఇష్టం. ఆ మామకు గూడా పొట్టే లేదు."

ఆయన ఊపిరి బిగబట్టి పొట్టను లోపలికి లాక్కున్నాడు. ఎక్కువసేపు నిలవలేదు.

"పొట్ట ఉంటే ఆ పాప ఒళ్లో కూర్చోదా?"

"ఏమో. పాప లావుగా ఉంటే ఆ మామ కూర్చోబెట్టుకుంటాడా?"



లోపల ముహూర్తం దాటిపోతోంది. కుర్రాళ్లు మామ ఫోటో పట్టుకుని బస్టాండుకు వెళ్లి, కండలున్న మనిషిని ఒకణ్ని వెంటబెట్టుకొచ్చారు. ప్రీతి అవ్వ నంజమ్మకు చూపు ఆనదు. ఆ కండలు తడిమి, ప్రతాపే అనుకుని దండ వేసింది. మొరప్పూరు వాళ్ల వెంట పెళ్లింటి నుంచి వచ్చిన ఒక సన్నటి పిల్లను బ్యానర్ పాపే అనుకుని కుర్రాళ్లు తెచ్చి అతని ఒడిలో కూర్చోబెట్టారు. ఆచారి చెవి పట్టుకుని సూది ఆపాడు.

"ఈ చెవులు కుట్టి చానా దినాలైందే!"

కండల మనిషి దండతోనే లేచాడు. సేలంలో జిమ్ము మాస్టరట. "ఫోటో తీసుకోవాలన్నారు, వచ్చినా" అన్నాడు తమిళంలో.

ప్రీతి తల్లి తనుజ వెనక వైపుకు పరుగెత్తింది. అండా దగ్గర ఆగింది.

"ఒరే ప్రతాపూ! ఎప్పుడొచ్చినావురా? ప్రీతీ, లోపల పరువు పోతా ఉంటే మామతో కబుర్లా?"

ఉల్లిగడ్డల మూట, అండా ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ముందు ప్రతాప్ లేచాడు.

"బ్యానర్లో ఉండేటోడు రాలేదు పాపా. ఒడి మాత్రం వచ్చింది. చాలునా?"

ప్రీతి ఆయన పెట్టె అందుకుని ముందు నడిచింది. సూది దిగేటప్పుడు మామ పొట్టను రెండు చేతులా పట్టుకుంది.

ఫోటోగ్రాఫర్ వంగి అడిగాడు. "ఆల్బంలో ఇద్దర్నీ సన్నం చేసేదా సార్?"

ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. అతను చేసే ఇచ్చాడు. అది ప్యాకేజీలో ఉందట.