మెరకోళ్ళు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మెరక, ఆ మెరక మీద ఒక దుప్పుల మంద ఉండేది. అడవంతా ఆ మందను ‘మెరకోళ్ళు’ అనేది. ఆ మాట చెవినపడితే చాలు, కుందేలు నుంచి అడవిపంది దాకా దారి వదిలి తలొంచుకు నిలబడేవి. ఎందుకని అడిగితే, తాతలు నిలబడ్డారు గనక.

ఆ ఏడు ఎండలకు మడుగు అడుగంటింది. మెరకోళ్ళ పెద్ద కొమ్ములరాయుడు సభ పెట్టించాడు. మడుగు దగ్గర పాత ఆచారమే చట్టమని అందరిచేతా కాళ్ళెత్తించాడు. తర్వాత, సభలో రాతపనులు చూసే ఏదుపంది ములుకయ్యను పిలిచాడు.

“మెరకోళ్ళంటే అర్థమేమిటో, ఆ మాట ఎలా పుట్టిందో రాయి. రేపు సభలో చదువుదువు గాని.”

“ముందు తమరొకసారి చూస్తారా అయ్యా?”

“మా గొప్ప మాకు తెలియనిదా! మొదటి గుటక మాది, అంతేగా!”

నాలుగు పొగడ్తలు గిలికితే పనైపోయేది. కానీ ములుకయ్యకు మాటల పిచ్చి. బురదలో కూరుకున్న ముసలి తాబేలు చిప్పమ్మ దగ్గరకు పోయాడు.

“మెరకోళ్ళా? గజ్జోళ్ళురా అబ్బాయ్!” అంది చిప్పమ్మ. “నా చిన్నప్పుడు ఆ మందకు గజ్జి పట్టింది. అంటుకుంటుందని మెరక మీద విడిగా ఉంచాం. ‘మెరకోళ్ళొస్తున్నారో’ అంటే అందరం పరుగో పరుగు. గజ్జి మూణ్ణెల్లకే పోయింది. తప్పుకోవడం మాత్రం పోలేదు.”

“మరి నీళ్ళో అవ్వా?”

“అందరూ తాగాక, చిట్టచివర.”

ములుకయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. రాస్తే రాయుడి కొమ్ములు. రాయకపోతే తన పెళ్ళాంపిల్లలకు మిగిలేది బురద. ఆ చెంపా ఈ చెంపా గోక్కుని, ఉన్నదున్నట్టు రాశాడు.

మర్నాడు సభలో చదివాడు. అప్పుడు అడవిపంది గుర్రుమంది.

“అయితే ఇన్నాళ్ళూ మేం దణ్ణం పెట్టింది గజ్జికా?”

“ఆ ముసల్దానికి మతి చెడింది!” అని రంకెవేశాడు రాయుడు.

“చట్టం తమరే చేయించారు గదయ్యా,” అన్నాడు ములుకయ్య, ఎందుకైనా మంచిదని రాతిచాటుకు జరుగుతూ.

రాయుడు మడుగు వైపు చూశాడు. నాలుక తడారిపోతోంది. గొంతు సవరించుకున్నాడు.

“అసలు మేం మెరకోళ్ళమని ఎవరన్నారు? మాది పల్లం. ఏదో గాలి కోసం పైన ఉంటున్నాం.”

ఆ సాయంత్రం కుందేళ్ళ వెనక వరసలో నిలబడ్డాడు కొమ్ములరాయుడు. వీపు మీద ఎక్కడో చచ్చేంత దురద. ఒక్కసారి గోక్కుంటే ప్రాణం లేచివచ్చేది. కానీ అందరూ తననే చూస్తున్నారు.

నీతి: పెద్దరికం నిలవాలంటే పెద్దవాళ్ళను ఏమీ అడక్కూడదు.