ఐదో కారణం

ఆ సోమవారం పొద్దున సమాధానం వేసుకున్న పథకం చాలా చిన్నది. చద్దన్నం తినాలి, సెలవు చీటీ రాయాలి, యజమాని చేతికివ్వాలి, బోగోలు దగ్గర సముద్రపొడ్డున ఉన్న అక్క ఇంటికి పోయి పది రోజులు ఊరికే కూర్చోవాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు. అయినా గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం మనకు కొత్త కాదు కదా.

సమాధానం గూడూరులో ఒక మైకా కంపెనీ గుమాస్తా. షెడ్డులో నలభైమంది ఆడవాళ్లు కూర్చుని మైకా దిమ్మల్ని కత్తులతో పలచటి రేకులుగా చీలుస్తుంటారు. పొద్దున ఎనిమిదికి గేటు దగ్గర వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టి, మస్టరు తెరిచి నలభై పేర్లూ పిలవాలి. మధ్యాహ్నం మళ్లీ కొట్టి మళ్లీ పిలవాలి. సాయంత్రం ఇంకోసారి. పదకొండేళ్లుగా ఇదే పని. ఒక్కరోజు సెలవు పెట్టలేదు. అది చాలా గొప్ప సంగతని అందరూ మెచ్చుకునేవారు. మెచ్చుకున్నవాళ్లలో గంట కొట్టేవాడు ఒక్కడూ లేడు.

ఈమధ్య ఆ గంట అతని వెంట ఇంటికి రావడం మొదలుపెట్టింది. భార్య రెబెక్కమ్మ కంచం కింద పెట్టిన చప్పుడికి ఉలిక్కిపడి లేచి నిలబడుతున్నాడు. మొన్న ఆదివారం చర్చిలో గంట మోగగానే లేచి, "నాగులమ్మా! గురవమ్మా! మస్తానమ్మా!" అని గట్టిగా పిలిచాడు. పాస్టరుగారు ఆ పేర్లు పాత నిబంధనలో ఎక్కడున్నాయా అని కాసేపు ఆలోచించారు. నలుగురూ నవ్వారు. కానీ అంతకుముందు శుక్రవారం షెడ్డు వెనక గోడకు ఆనుకుని సమాధానం ఏడ్చిన సంగతి ఎవరికీ తెలియదు. ఎందుకు ఏడ్చాడో అతనికీ తెలియదు.

"జ్వరమని రాసి పారెయ్యండి," అంది రెబెక్కమ్మ. "మీ చెంచయ్య సెలవుల కోసం వాళ్ల అవ్వను మూడుసార్లు చంపినాడు గదా. ఆ ముసలామె ఇప్పటికీ నిమ్మకాయల మార్కెట్టులో బేరాలు చేస్తానే ఉండాది."

"నాకు జ్వరం లేదు గదా."

"లేకపోతే ఏంది? ఆయనేమన్నా నాడి పట్టుకుని చూస్తాడా?"

"రెబెక్కా, నాకు భయంగా ఉండాది. ఇట్నే ఇంకో ఏడాది నడిస్తే నేను మిగలను, ఆ గంటే మిగుల్తాది. ఆ మాట చెప్పుకునేదానికి గూడా అబద్ధమాడాల్నా?"

రెబెక్కమ్మ లేచి కాగితం, కలం తెచ్చి ముందు పెట్టింది. "అయ్యా, నా మనసు అలసిపోయినది. పది రోజులు సెలవు దయచేయగలరు" అని సమాధానం గుండ్రటి అక్షరాలతో రాశాడు.

యజమాని కామాక్షయ్య చెడ్డవాడు కాదు. గోడ మీద బోర్డులో ఉన్నవన్నీ ఒప్పుకునే మనిషి, లేనివి ఒప్పుకోని మనిషి. ఆయన వెనక గోడ మీద సెలవు ఇచ్చే కారణాల బోర్డు ఉంది: జ్వరం, పెళ్లి, చావు, మొక్కు. మొదటి మూడూ తండ్రి రాయించినవి. నాలుగోది కామాక్షయ్య కలిపినది. కొడుక్కి చిన్నప్పుడు ప్రాణం మీదికి వస్తే కసుమూరు దర్గాకు మొక్కుకుని, బతికి బట్టకట్టాక వాడికి మస్తానయ్య అని పేరు పెట్టుకున్నాడు. మొక్కుకు పోయేవాళ్లను ఆపితే కళ్లు పోతాయని ఆయన నమ్మకం.

"మనసుకేమైందయ్యా?" అన్నాడు చీటీ తిప్పి చూస్తూ.

"అలసిపోయిందండీ."

"జ్వరమా?"

"కాదండీ."

"ఎవురన్నా పోయినారా?"

"లేదండీ. అందరూ బాగుండారు."

"పెళ్లా?"

"మాయింట్లో పెళ్లీడు పిల్లలెవురూ లేరండీ."

"మొక్కా?"

"మాకు మొక్కులు లేవండీ. ప్రార్థనే."

కామాక్షయ్య వెనక్కి తిరిగి బోర్డు మొత్తం ఇంకోసారి చదివాడు. "మరి ఐదోది లేదే! చూడు సమాధానం, మనసనేది ఇంటికాడ పెట్టి రావాల. ఇక్కడికి చేతులొస్తే చాలు." అంటూ చీటీని బల్ల మీది మైకా దిమ్మ కింద తోశాడు. సమాధానం బయటికి వచ్చేశాడు.

ఈ మాటలు వాకిట్లో కాటా దగ్గర సరుకు తూచే చెంచయ్య చెవిన పడ్డాయి. అవ్వను మూడుసార్లు చంపినవాడికి ఒక గుమాస్తా మనసును ఒకసారి చెడగొట్టడం లెక్కా? పదకొండు గంటలకు షెడ్డు మాటల్లో సమాధానానికి మనసు బాగాలేదు. పన్నెండుకు మతి చలించింది. మధ్యాహ్నం గంటవేళకు యజమాని మీదికి మైకా దిమ్మ విసిరాడు. గంట కొట్టి, సుత్తి చేత్తోనే పట్టుకుని పేర్లు పిలవడానికి వచ్చిన సమాధానాన్ని చూసి ముందు వరుస కాస్తా వెనక వరుస అయింది.

అయినా వాళ్లకు అతనంటే ప్రాణం. అయిదు నిమిషాలు ఆలస్యమైతే మస్టరులో రాసేవాడు కాదు. పిల్లకు పాలిచ్చి వస్తానంటే గడియారం వైపు చూసేవాడు కాదు. "అట్టాంటి మనిషికి ఎంత కష్టమొచ్చెరా!" అని షెడ్డుకు పెద్దదిక్కయిన నాగులమ్మ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని నేరుగా యజమాని గదికి వెళ్లింది.

"సామీ, రేపు సెలవు గావాల. తలకు బాగలేని ఒక బిడ్డను కసుమూరు తీసకపోవాల."

కసుమూరు పేరు వినగానే కామాక్షయ్య చేతులు జోడించాడు. బిడ్డ ఎవరని అడగలేదు. చీటీ మీద సంతకం చేసి, జేబులోంచి రూపాయి తీసి, "ఇది నా పేరుమీద ముడుపులో కట్టు," అన్నాడు.

కానీ మతి చలించినవాణ్ణి పట్టుకోవడం ఒక్క మనిషి వల్ల కాదు కదా. మరో నలుగురు వచ్చారు. అయిదుగురు పోతే వంటకు ఇద్దరు కావాలి. వంటవాళ్లకు నీళ్లు మోయడానికి ముగ్గురు. ఇక సందట్లో సడేమియా అని ఇంకో ఇరవైమంది. షెడ్డులో పదిమందే మిగిలితే దిగులుగా ఉంటుందని ఆ పదిమందీ వచ్చారు. కాళ్లు పట్టుకోవడానికి చెంచయ్య. మద్రాసుకు పోవాల్సిన సరుకు కాగితాల్లో తల దూర్చి ఉన్న కామాక్షయ్య, "కసుమూరు" అన్న మాట వినపడినప్పుడల్లా ఒక చేత్తో నమస్కారం పెట్టి ఇంకో చేత్తో సంతకం చేశాడు.

ఆ చీటీలన్నీ మస్టరులో ఎక్కించింది ఎవరనుకున్నారు? సమాధానమే. పిచ్చివాడి ముందు పిచ్చి మాటెత్తకూడదు కనక అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. "ఎవరి బిడ్డో పాపం," అని జాలిపడి, నాగులమ్మ కొంగు చాపితే తనూ ఒక పావలా వేశాడు.

మర్నాడు ఎనిమిదికి సమాధానం గంట కొట్టాడు. షెడ్డులో ఒక్క పిట్ట లేదు. అయినా నలభై పేర్లూ పిలిచాడు. పదకొండేళ్ల అలవాటు మరి. ఆఖరి పేరుకు గేటు బయటి నుంచి జవాబు వచ్చింది. తొంగి చూస్తే నలభైమందీ మంచి చీరలు కట్టుకుని, అన్నం మూటలతో నిలబడి ఉన్నారు. చెంచయ్య వీపు వెనక మోకు దాచుకుని ఉన్నాడు.

"రా నాయనా, రైలుకు వేళయింది," అంది నాగులమ్మ, చంటిబిడ్డను పిలిచినట్టు.

"యాడికమ్మా?"

"కసుమూరుకు. నీ కోసమే."

సమాధానానికి ఒక్కొక్కటే అర్థమైంది. ఆ చీటీలన్నీ, ముడుపు, తను వేసిన పావలా. కోపం రావాల్సింది. రాలేదు. ఇంతమంది తన కోసం బయలుదేరారే అని ఆ ముఖాలన్నీ చూశాడు. "నాకు పిచ్చి లేదమ్మా, అలసిపోయినా, అంతే," అన్నాడు. తర్వాత అసలు సంగతి గుర్తొచ్చింది. "అయినా నేనెట్టా వచ్చేది? నాకు సెలవియ్యలేదు."

"ఏందీ?" అంది నాగులమ్మ. "తీసకపొయ్యే నలభైమందికీ సెలవుండాది, పొయ్యేవాడికి లేదా?"

సరిగ్గా అప్పుడే కామాక్షయ్య జట్కా దిగాడు. మర్నాడు సాయంత్రం మద్రాసు రైలుకు సరుకెక్కాలి. ఖాళీ షెడ్డు చూశాడు, గేటు దగ్గర తిరునాళ్ల చూశాడు. "ఏందిది! లోపలికి నడవండి అందరూ!" అని అరిచాడు.

నాగులమ్మ పసుపుగుడ్డ ముడుపు పైకెత్తి చూపించింది. "మీరు సంతకం పెట్టిన మొక్కే సామీ. ఇందులో మీ రూపాయి గూడా ఉండాది. ఇక్కడే విప్పమంటారా?"

కామాక్షయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. కట్టిన ముడుపు దర్గా చేరకముందే విప్పితే ఏమవుతుందో తలచుకోవడానికే ఆయనకు ధైర్యం చాల్లేదు. "విప్పొద్దు! పోండి! పొయ్యి బిరీన రాండి!"

"ఎట్టా పొయ్యేది? రోగి లేకుండా మొక్కెట్టా తీరేది? తీరిందాకా మేము కత్తి పట్టుకోకూడదు సామీ. ఇప్పుడు పంపిస్తే పొద్దుగూకేలోపల వస్తాము. రేపు రెండింతలు చీలుస్తాము."

"రోగి ఎవురు?"

నలభై చేతులు గుమాస్తాను చూపించాయి. కామాక్షయ్య ముడుపు వైపు ఒకసారి చూశాడు. "పోవయ్యా సమాధానం! సెలవిచ్చినా!"

"ఎన్ని రోజులండీ?"

"పదే అడిగినావు గదా, పదే! పో!"

సమాధానం కదలలేదు. మస్టరు తెరిచి కలం పట్టుకున్నాడు. "ఏ కారణం రాయమంటారండీ? ఇక్కడ గడి ఉండాది."

"జ్వరమని రాయి."

"నాకు లేదండీ."

"మొక్కని రాయి."

"అది వాళ్లదండీ. నాది కాదు."

దూరంగా రైలు కూత వినపడింది. నలభైమందీ కామాక్షయ్యనే చూస్తున్నారు. "నీ మనసనే రాసుకో!" అన్నాడాయన.

"బోర్డులో లేదండీ."

కామాక్షయ్య గదిలోకి విసురుగా వెళ్లాడు. సుద్దముక్క తీసుకుని, తండ్రి రాయించిన బోర్డు మీద, నాలుగో కారణం కింద, "5. మనసు" అని రాశాడు. కిటికీలోంచి చూసిన ఆడవాళ్లు కొట్టిన చప్పట్లకు స్టేషనుదాకా కాకులు లేచాయి. ఎన్నో నెలల తర్వాత సమాధానం గట్టిగా నవ్వాడు. గెలిచాననిపించింది. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా గెలిచాడు మరి!

మోకు అవసరం పడలేదు. రెబెక్కమ్మను వెంటబెట్టుకుని, వెంకటాచలంలో రైలు దిగి, కసుమూరు దాకా వాళ్లతోనే వెళ్లాడు. వాళ్లు దర్గాలో ముడుపు చెల్లిస్తుంటే ఇద్దరూ బయట నీడన కూర్చున్నారు. "మన ప్రార్థన వేరే అయినా, వీళ్ల ప్రేమ తోసెయ్యగూడదు," అంది రెబెక్కమ్మ. అక్కడి నుంచి వాళ్లు వెనక్కి, వీళ్లు బోగోలుకు.

సముద్రం ఎవరి పేరూ పిలవదు. మూడో రోజుకు కంచం చప్పుడు కంచం చప్పుడుగానే వినపడింది. అయిదో రోజుకు సమాధానం చేపల పులుసు రెండోసారి వడ్డించుకున్నాడు. రెబెక్కమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఏడో రోజు పొద్దున ఇసకలో గొడుగు వేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని, కామాక్షయ్య వచ్చాడు. సమాధానం కంగారుగా లేచాడు.

"కూచో, కూచో. గంట కొట్టేదీ పేర్లు పిలిచేదీ ఎంత పనిలే అని నేనే పెట్టుకున్నా," అంటూ పక్కన కూలబడ్డాడు. "నిన్న మా మేనకోడలి పెళ్లి. తాళి కట్టేటప్పుడు మేళం మోగింది. నేను లేచి నిలబడి నాగులమ్మా, గురవమ్మా, మస్తానమ్మా అని పిలిచినా. పెళ్లంతా నన్నే చూసింది."

"ఇప్పుడు గంటెవురు కొడతా ఉండారండీ?"

"నాగులమ్మ. ఆమెకు బుద్ధి పుట్టినప్పుడు కొడతాది." ఆయన జేబులోంచి మడత కాగితం తీశాడు. "నాకు సెలవిచ్చేవాడు ఎవుడున్నాడయ్యా? మస్టరు నీ చేతిది గదా. నువ్వే సంతకం పెట్టు."

సమాధానం కాగితం విప్పి చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"జ్వరమాండీ?"

"కాదు."

"ఎవురన్నా పోయినారా?"

"లేదయ్యా!" అన్నాడు కామాక్షయ్య, దాదాపు ఏడుపు గొంతుతో. "ఐదోది!"

పది రోజులు అడిగిన ఆ చీటీ మీద సమాధానం బాగా ఆలోచించి మూడు రోజులు మంజూరు చేశాడు.