రెండు వాకిళ్ల హత్య

భోజనాల మధ్యలో హత్య ముగించుకుని, పాయసం వేళకు మళ్లీ వంటింట్లో ఉండాలి. ఆదివారం పొద్దున గిరావీన్‌లోని తన ఇంట్లో పులిహోరకు పోపు వేస్తూ మంగతాయారు చేసుకున్న ఏర్పాటు అది.

హత్య ఆమె నవలలోది. ఆస్ట్రేలియా రాకముందు ఆమె, భర్త రాధాకృష్ణ సౌదీలోని దమ్మామ్‌లో కొన్నేళ్లు ఉన్నారు. మగవాళ్లకొక వాకిలి, ఆడవాళ్లకొక వాకిలి ఉండే అక్కడి ఇళ్లలోనే ఆమె కథలన్నీ నడుస్తాయి. పోలీసులు అడుగుపెట్టలేని ఆడవాళ్ల గదుల్లోకి, బురఖాల్లాంటి అబాయాలు కుట్టే ఆమె కథానాయిక హలీమా కొలతల టేపుతో వెళ్లి నిజాలు పట్టుకొస్తుంది. తొలి నవల వేస్తానని విజయవాడ ప్రచురణకర్త ఒకాయన మాటిచ్చాడు. సోమవారానికి చివరి అధ్యాయం అందకపోతే ఆ చోటు ఊరగాయల పుస్తకానికి ఇచ్చేస్తానని కూడా మాటిచ్చాడు.

అడ్డుపడింది నస్రీన్. పక్క వీధిలో ఉండే గుంటూరు అమ్మాయి. రియాద్‌లో పెరిగింది. మంగతాయారు రాసే ప్రతి కాగితానికీ మొదటి పాఠకురాలు.

"కుదరదక్కా. విందుకొచ్చినావిడ మధ్యలో లేచెళ్లి, అవతల మనిషిని చంపేసి, మళ్లీ వచ్చి కూర్చుంటే ఎవరూ కనిపెట్టరా? మా ఆడవాళ్లు మరీ అంత అమాయకులా?"

"కనిపెట్టరు. చేసి చూపిస్తా," అంది మంగతాయారు.

అందుకే ఈ విందు. మగవాళ్లకు గరాజ్‌లో, ఆడవాళ్లకు హాల్లో, మధ్య తలుపుకు మందపాటి తెర. ముందే చెబితే పరీక్ష పాడవుతుందని అతిథులకు కారణం చెప్పలేదు. భర్తకు మాత్రం ఆజ్ఞ జారీ అయింది.

"నేను పిలిచేదాకా మీరెవరూ ఇటు రావద్దు. బెల్ మోగినా, ఎవరు తలుపు కొట్టినా లేవద్దు."

"ఎందుకూ?"

"నవల."

ఆ మాట తర్వాత ప్రశ్నలుండవని రాధాకృష్ణకు అనుభవం.

కారణం తెలియని అతిథులు తలా ఒక కారణం వెతుక్కున్నారు. గరాజ్‌లో రాధాకృష్ణ వాలుకుర్చీ, టీవీ, మంచినీళ్ల సీసా చూసి వచ్చిన జ్ఞానప్రసూన గొంతు తగ్గించింది.

"ఒకే ఇంట్లో ఉన్నా విడివిడిగా ఉంటే ఈ కంట్రీలో సెపరేషన్ కిందే లెక్కట. మా ఆఫీసులో ఒకావిడది ఇలాగే స్టార్టయింది. పాపం, ఆయన్ని గరాజ్‌లోకి తోసేసింది!"

గరాజ్‌లో భార్గవ్ రాధాకృష్ణ భుజం మీద చెయ్యేశాడు. "అన్నా, ఏదైనా ఉంటే చెప్పు. మేమున్నాం."

"ఏం లేదయ్యా. నవల."

"నవలల దాకా వెళ్లిందా!" అని భార్గవ్ నిట్టూర్చాడు.

వడ్డన జోరులో ఉండగా మంగతాయారు లాండ్రీ తలుపులోంచి జారుకుంది. ఆమె వెనకే ఆ తలుపు దానంతటదే మూసుకుని, తాళం పడింది. ఫోను వంటింట్లో ఛార్జింగ్‌లో ఉంది. కాసేపు చెత్తడబ్బాల పక్కన నిలబడి, హత్యకు చాలినంత సమయం గడిచిందనుకున్నాక ముందు వాకిలికి వచ్చి బెల్ నొక్కింది.

"ఆయనే అయ్యుంటాడు, రాజీకొచ్చాడు!" అంది లోపల జ్ఞానప్రసూన. "తీయకండి. ముందు మంగ ఊఁ అనాలి."

"మంగ ఏదీ?"

"ఏ గదిలోనో ఏడుస్తుంటుంది. కాస్త ప్రైవసీ ఇవ్వండి."

మంగతాయారు వెళ్లి గరాజ్ షట్టర్ బాదింది. భార్గవ్ లేవబోయాడు.

"కూర్చో," అన్నాడు రాధాకృష్ణ. "లేవొద్దంది."

నమాజు చదువుకుని, ఖుబానీ కా మీఠా గిన్నెతో ఆలస్యంగా వచ్చిన నస్రీన్‌కు ఇంటావిడ పసుప్పచ్చ మూత చెత్తడబ్బా మీద కూర్చుని కనిపించింది.

"అక్కా, ఇక్కడేంటి?"

"చంపేసి వచ్చా. లోపలికి రానివ్వడంలేదు. ఒక్కళ్లు వెతికితే ఒట్టు!"

"అప్పుడే గెలిచాననకండి. మీరిక్కడే ఉండండి." నస్రీన్ ఫోన్ చేసి తలుపు తీయించుకుంది. మంగతాయారు గోడ చాటున చెవి ఒగ్గింది.

"మంగక్క ఏదీ?" అంది నస్రీన్.

"ఇక్కడే ఉందిగా! ఇప్పుడేగా నాకు అప్పడం వేసిందీ!" అంది జ్ఞానప్రసూన.

"కళ్లు తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. నేను చూశా," అంది మరొకావిడ.

తెర వెనకనుంచి రాధాకృష్ణ సాక్ష్యం వచ్చింది. "మా ఆవిడ గొంతు నాకిందాకట్నుంచీ వినబడుతూనే ఉంది."

నస్రీన్ వాకిట్లోకి వచ్చింది. "ఓడిపోయానక్కా. చూళ్లేదనడం కాదు, ఉన్నారని ఒట్టేసేట్టున్నారు. కానీ మీ కథలోలాగా చుట్టపుచూపుగా వచ్చినావిడకి ఇది కుదరదు. ఆవిడ లేస్తే ఖాళీ కుర్చీ కనబడుతుంది. వడ్డించేవాళ్లకి కుర్చీ ఏదీ?"

తనకోసం ఎవరూ వెతకలేదన్న సంగతి అప్పుడు మంగతాయారుకు గుచ్చుకుంది. తర్వాత చీర దులుపుకుని లేచింది.

లోపలికి రాగానే జ్ఞానప్రసూన కౌగిలించుకుని, మంచి లాయరు నంబరు ఇస్తానంది. మంగతాయారు పాయసం వడ్డించి, హంతకురాలిని మార్చడానికి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. చివరి అధ్యాయం సోమవారం వెళ్లింది. ఊరగాయలు ఆగిపోయాయి.

హంతకురాలు ఇంటి ఇల్లాలేనని చదివిన నాటినుంచి రాధాకృష్ణ తన కాఫీ తనే కలుపుకుంటున్నాడు.