పెద్దసారు రాని పూట

ఆ పొద్దుటికి మునిసిపల్ ఆఫీసులో అనుకున్నది చిన్న పనే. మధ్యాహ్నం దాకా పెద్దసారు రాకూడదు, అంతే.

"నేను వెనక నిలబడకపోతే ఒక్కడూ కలం కదపడు" అని ఆయన నమ్మకం. కొత్తగా వచ్చిన చిన్నమేడం ఒప్పుకోలేదు.

"అందరూ అలాగే అనుకుంటారు సార్. పరిశోధనలు మాత్రం వేరేలా చెబుతున్నాయి. మన దగ్గరా పరీక్షించి చూద్దాం."

"సరే అమ్మాయ్, రేపు ఒక పూట రాను. పని తగ్గిందో, నిన్ను దోమల మందు కొట్టే విభాగానికి పంపేస్తా!"

ముందే తెలిస్తే పరీక్ష చెడుతుందని ఆమె సిబ్బందికి చెప్పలేదు. సారు భార్యకు మాత్రం ఫోన్ చేసి, "అక్కా, ఒప్పుకున్నా ఆయన ఆగలేరు, గడప దాటనివ్వకండి" అంది. అక్క మాటంటే మాటే. బయట తాళం వేసి బజారుకు వెళ్లిపోయింది.

సారు కనబడక గుమాస్తాలకు కాలూ చెయ్యీ ఆడలేదు. డ్రైవరు సారు ఇంటికి వెళ్లి చూసి, రొప్పుతూ వచ్చాడు.

"తలుపుకు తాళం! సారు కిటికీ ఊచలు పట్టుకుని అరుస్తున్నారు!"

"అమ్మగారే లోపల పెట్టారంటే... పాపం, బుర్ర చెడినట్టుంది" అంది టైపిస్టు.

చిన్నమేడం ఎంత ఆపినా ఎవరూ ఆగలేదు. కాగితాలతో సహా అందరూ బయలుదేరారు. సంతకాల కోసం వచ్చిన జనం వాళ్ల వెనకే నడిచారు. ఆమెకు చెవుల్లో దోమలు జుమ్మన్నాయి.

"నాకేం కాలేదురా!" అరిచాడు సారు.

"అందరూ మొదట్లో అలాగే అంటారు" గొణిగాడు పెద్దగుమాస్తా. ఆయన్ని శాంతపరచడానికి ఊచల్లోంచి ఒక కాగితం అందించి, "ఇదిగో సార్, సంతకం పెట్టండి. మనసు కుదుటపడుతుంది" అన్నాడు.

సారు విసురుగా పెట్టాడు. ఇంకొకటి వచ్చింది. అరుగు మీద గుమాస్తాలు రాస్తున్నారు, కిటికీలో సారు సంతకాలు చేస్తున్నాడు, జనం నవ్వుకుంటూ ఇళ్లకు పోతున్నారు. మధ్యాహ్నానికి ఎన్నాళ్లుగానో ఆగినవి కూడా తెమిలిపోయాయి.

అందరూ వెళ్లాక సారు మీసం తిప్పాడు. "చూశావా? నేనుంటేనే పని!"

"ఉన్నారు సార్, కానీ ఎవరి వెనకా నిలబడలేదు. రోజూ మీరు గదులన్నీ తిరుగుతుంటే కాగితాలు మీ బల్ల మీదే ఆగిపోతున్నాయి."

సారు గడ్డం గోక్కున్నాడు. చివరికి పకపకా నవ్వేశాడు. "నువ్వు ఇక్కడే ఉండు అమ్మాయ్. దోమల సంగతి వేరేవాళ్లు చూసుకుంటారు."

మర్నాడు ఆయన కుర్చీలోంచి కదలలేదు, ఎవరినీ కసరలేదు, వచ్చిన కాగితమల్లా వచ్చినట్టే పంపాడు.

జబ్బు ముదిరిందని సిబ్బందికి ఖాయమైపోయింది.