తలుపు మీద నాలుగు మాటలు

గురువారం పొద్దున్నే మ్వానఖేరి ఒక కాగితం తీసుకుని, తాను నేర్చుకోవలసిన పద్ధతులు మూడు రాసింది. పొద్దెక్కేదాకా పడుకోకూడదు. అరువు తెచ్చిన కొబ్బరికోరాం తిరిగి ఇచ్చేయాలి. ఇరుగుపొరుగు సంసారాల గురించి నోరు మెదపకూడదు. చేయవలసింది రాసి కళ్లెదుట పెట్టుకుంటే సగం పని అయినట్టేనని రేడియోలో ఎవరో చెప్పారు. పగలంతా ఆమె కూర్చునేది గుమ్మం బయట, పొయ్యి దగ్గర. అందుకని కాగితాన్ని తలుపుకు బయటివైపు అంటించింది.

కొబ్బరిపాలతో పిండి కలిపి మహమ్రి అనే తియ్యటి బూరెలు నూనెలో పొంగించడంలో మా లాము ఊరు మొత్తంలో ఆమెకు సాటి లేదు. ఆమెంటే పడనివాళ్లు కూడా రెండోది నోట్లో పెట్టుకుంటూ ఆ మాట ఒప్పుకుంటారు. ఆదివారం పెళ్లిలో మూడు వందల మందికి ఫలహారం ఆమెకే అప్పగించారు. ఇంత పెద్ద వంట ఆమెకిదే మొదలు. ఇది గట్టెక్కితేనే ఇంకో పెళ్లివారు పిలుస్తారు. సాయానికి పక్కిళ్ల సావుము, రెహెమా, కిబీబీ వస్తామన్నారు.

చిక్కల్లా మా ఆడవాళ్ల అలవాటుతో వచ్చింది. మొహం మీద అనలేని మాటను మేం కాంగా గుడ్డ అంచున అచ్చయిన సామెతతో అంటాం. అది కట్టుకుని ఎవరిని అనాలో వాళ్ల గుమ్మం ముందు నడిస్తే చాలు. అలాంటి సందులో, నలుగురూ చూసేచోట రాసిన మాట తనకోసమే రాసుకుందంటే ఎవరు నమ్ముతారు?

మ్వానఖేరి కోరాం రెండు నెలలుగా సావుము ఇంట్లోనే ఉంది. అందుకే మ్వానఖేరి తన మేనత్త దగ్గర ఇంకో కోరాం అరువు తెచ్చుకుంది. కాగితంలో రాసింది ఆ మేనత్త కోరాం సంగతి. రెహెమా నిద్ర జగమెరిగినది. కిబీబీ నోటి సంగతి కిబీబీయే అందరికీ చెబుతుంది. ముగ్గురూ ఎవరి భుజాలు వాళ్లు తడుముకున్నారు.

మధ్యాహ్నం సావుము "నీ కుండ చూసుకో, నా కుండతో నీకేం పని" అన్న కాంగా కట్టుకుని మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. రంగు ఎంత బావుందో, ఎక్కడ కొన్నావని మ్వానఖేరి అడిగింది. సావుముకు ఒళ్లు మండిపోయింది. రెహెమా ఎదుటి తాడు మీద "ఓర్వలేనివాళ్లకు నిద్రెక్కడిది" అన్న గుడ్డ ఆరేసింది. అవన్నీ చూసి మ్వానఖేరికి తనకూ ఒకటి కొనాలని మనసు పీకింది. తప్పని తనను తానే మందలించుకుని నాలుగో మాట రాసింది. కొత్త గుడ్డల మీద మోజు తగ్గించుకోవాలి.

సాయంత్రానికల్లా ముగ్గురూ ఆదివారం రామని కబురు పంపారు. అప్పుడు గాని ఆమెకు సంగతి అర్థం కాలేదు. పరుగున సావుము ఇంటికి వెళ్లింది.

"అవి నాకు నేను రాసుకున్నవే వదినా, ఒట్టు."

"నీకోసమైతే లోపలివైపు అంటించుకుంటావు," అంది సావుము. "బయట అంటించింది మేం చదవాలనేగా."

మ్వానఖేరి ఇంటికొచ్చి ఏడ్చింది. ఏడ్చాక నడుం బిగించి శనివారమంతా ఒంటిచేత్తో మూడు వందల మందికి పిండి పిసికింది. రెక్కలు పడిపోతున్నా ఆపలేదు. అలాంటి మనిషిని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? పిండి గంగాళాలను అరుగు మీద మూతపెట్టి పడుకుంది.

ఆదివారం ఆమె కళ్లు తెరిచేసరికి ఎండ గోడ దిగింది. ఒక్క ఉదుటున లేచి తలుపు తీసింది. బయట మూడు పొయ్యిలు మండుతున్నాయి. బుట్టల నిండా మహమ్రి. కాగితంలోని మాటలు తమకు తగలవని చూపించాలన్న పౌరుషం కొద్దీ ముగ్గురూ చీకటితోనే వచ్చేశారు. సావుము తాను తిరిగి తెచ్చిచ్చిన కోరాంతోనే కొబ్బరి కోరుతోంది. కిబీబీ నోటికి తాళం వేసుకుంది. ముగ్గురి ఒంటి మీదా పాత గుడ్డలే. రెహెమా మాత్రం నూనె మీంచి చూపు తిప్పకుండా నోరు విప్పింది.

"పొద్దెక్కేదాకా పడుకునేది ఎవరో సందంతా చూసింది వదినా. మొహం కడుక్కునిరా, పెళ్లివారు వచ్చేస్తున్నారు."

మూడు వందల మందీ కడుపారా తిన్నారు. డబ్బివ్వడానికి ఇంటికొచ్చిన పెళ్లికూతురి తల్లి, వచ్చే నెల తన చెల్లెలింటి పెళ్లికీ వంట నీదేనని మాటిచ్చింది. తలుపు మీది కాగితం చదివి, ఇంత పద్ధతిగల మనిషివి కాబట్టే పని ఇంత చక్కగా జరిగిందని మ్వానఖేరిని మెచ్చుకుంది.

మేనత్త కోరాం ఇంకా తిరిగి వెళ్లలేదు. ఆ కాగితంలో రాసింది పాటించనిది ఆ సందు మొత్తంలో మ్వానఖేరి ఒక్కతే.