వజ్రానికి తొమ్మిది రాత్రులు

డిసెంబరు ఇరవై రెండో తారీకు ఉదయం కాఫీ తాగుతూ, లిఫ్టుల ఇన్‌స్పెక్టరు గారు తన జీవితంలోకెల్లా ముఖ్యమైన పథకాన్ని భార్యకు వివరించారు. పథకం చిన్నదే. ఆ సాయంత్రం నుంచి వరసగా తొమ్మిది రాత్రులు ఆయన ఇంట్లో పడుకోరు. రెండు వీధుల అవతల ఉన్న హోటల్లో పడుకుంటారు.

"మీరొక్కరేనా?" అంది భార్య.

"నువ్వూ రావచ్చు. కానీ అక్కడి పరుపులు మెత్తన."

"అయితే మీరే వెళ్లండి," అని ఆవిడ కప్పులు తీసేసింది.

రెండేళ్ల క్రితం ఆవిడ నడుముకి ఆపరేషన్ జరిగింది. అప్పటినుంచి పడకంటే చెక్కబల్లే, కూర్చోవడమంటే నలభై నిమిషాలే. ఆవిడ అక్క సముద్రాల అవతల ఒక బేకరీ నడుపుతుంది. అక్కడికి విమానంలో పంతొమ్మిది గంటలు. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకుని పదకొండేళ్లయింది. ప్రతి ఆదివారం ఫోనులో అక్క "ఎప్పుడొస్తావే?" అంటుంది, చెల్లెలు "వస్తాలే" అంటుంది. అది జరిగే పని కాదని ఇద్దరికీ తెలుసు. ఫోను పెట్టేశాక భార్య కాసేపు వంటింట్లోకి వెళ్లి, పనేమీ లేకుండానే నిలబడి వస్తుంది. ఇన్‌స్పెక్టరు గారు రెండేళ్లుగా చూస్తున్నది ఆ నిలబడడాన్నే.

ఊరూరా లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. ఇరవయ్యేళ్లుగా ఏ ఊరు వెళ్లినా ఒకే కంపెనీ హోటళ్లలో దిగుతున్నారు. వాళ్లు మొదట వెండి కార్డు ఇచ్చారు, తర్వాత బంగారం ఇచ్చారు. పై మెట్టు వజ్రం. అందరూ ఆ కార్డుని పర్సులో పెట్టుకుని మర్చిపోతారు. ఈయన మాత్రం దానితో వచ్చిన నలభై పేజీల నిబంధనల పుస్తకాన్ని, లిఫ్టు మోటారు పుస్తకం చదివినంత శ్రద్ధగా చదివారు. ముప్పై ఒకటో పేజీలో దొరికింది. వజ్రం అందుకున్నవారికి ఆ ఏడాది పోగైన పాయింట్లు రెట్టింపవుతాయి. వాటిని విమాన కంపెనీకి మార్చుకుంటే బిజినెస్ క్లాసులో రెండు సీట్లు వస్తాయి. ఆ సీట్లు నిలువునా సాగి మంచాలవుతాయి. మంచం చెక్కలా గట్టిగా ఉందని ఎక్కినవాళ్లు కొందరు ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులు చదివి ఆయన పొంగిపోయారు.

ఏడాది ముగిసేలోపు వజ్రానికి ఇంకా తొమ్మిది రాత్రులు తక్కువ. సామాన్ల గది పక్కన ఒక చిన్న గది చవగ్గా దొరికింది. ఆ తొమ్మిది రాత్రుల అద్దె కలిపినా విమానం టిక్కెట్టుకి తోకంత కూడా కాదు.

"ఒక్క మాట," అన్నారాయన. "ఇది మూడో మనిషికి తెలియకూడదు. ఫిబ్రవరి దాకా పాయింట్ల మీద ఇచ్చే సీట్లు రెండే మిగిలాయి. మీ తమ్ముడి నోట్లో నువ్వుగింజ నానదు."

భార్య లైబ్రరీలో పనిచేస్తుంది. అడిగినదానికి సమాధానం చెప్పడం, అడగనిదాని జోలికి పోకపోవడం ఆవిడకు ముప్పయ్యేళ్ల అలవాటు. "అక్కకీ చెప్పను. ఎదురుగా వెళ్లి నిలబడతాను," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం చూశాక, తొమ్మిది కాదు తొంభై రాత్రులైనా పడుకోవచ్చనిపించింది ఆయనకు.

ఆ సాయంత్రం ఏడింటికి భోజనం చేసి, చిన్న పెట్టె పట్టుకుని ఆయన బయల్దేరారు. హోటల్లో కౌంటరు దగ్గరి అమ్మాయి చిరునామా చదివి తలెత్తింది.

"సార్, మీ ఇల్లు పక్క వీధుల్లోనే కదా. పేరు రాయించుకుని ఇంటికెళ్లి పడుకోండి. కార్డు కోసం చాలామంది అదే చేస్తారు."

ఆయన మనసు నొచ్చుకుంది. "అమ్మా, నేను ఎక్కి చూడని లిఫ్టుకి ఇంతవరకు సంతకం పెట్టలేదు. పడుకోని రాత్రికి ఎలా పెడతాను?"

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా నాన్న కూడా ఇలాగే వెళ్లిపోయారు సార్. మూడు వారాలకి ఆయనే తిరిగొచ్చారు. ధైర్యంగా ఉండండి," అంది. ఎందుకు ధైర్యంగా ఉండాలో ఆయన అడగలేదు. నిబంధన మాత్రం అడిగి తెలుసుకున్నారు. ఆ చవక గదికి ఏ రోజుకారోజు ఎనిమిది గంటల్లోపు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ రాత్రి లెక్కలోకి రాదు.

ఇంటికి ఎదురుగా ఒక దర్జీ ఉన్నాడు. మిషను మీద కాలు, వీధి మీద కన్ను వేసి పాతికేళ్లుగా బతుకుతున్న మనిషి. మూడు సాయంత్రాలు పెట్టెతో వెళ్లడం, మూడు ఉదయాలు నలిగిన చొక్కాతో తిరిగి రావడం చూశాడు. నాలుగో రోజు, కుట్టని జాకెట్టుకి కొలతలు సరిచూసుకోవాలన్న వంకతో వచ్చాడు.

"సార్ రోజూ సాయంత్రం ఎక్కడికమ్మా?"

"హోటల్‌కి."

"అక్కడేం పని?"

"పని లేదు. పడుకుంటారు."

దర్జీ టేపుని మెడలోంచి తీసి చేతికి చుట్టుకున్నాడు. "మరి పొద్దున్నే వస్తున్నారు?"

"కాఫీకి."

"ఎన్నాళ్లమ్మా ఇలా?"

"ముప్పై ఒకటిదాకా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మా అక్క దగ్గరికి వెళ్తాను," అంది ఆవిడ. ప్రతి మాటా నిజమే.

నిజానికి అంత బలం ఉంటుందని ఎవరూ అనుకోరు. సాయంత్రానికల్లా గోరంత కొండంతయింది. పాలవాడు రోజూ పోసేదాంట్లో సగమే పోసి, ఒక్కరికి ఇది చాలన్నాడు. లైబ్రరీలో తోటి ఉద్యోగిని భోజనం వేళకి పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. భార్య ఆ చేయి వేడిగా ఉందని, జ్వరమేమోనని భయపడి ఆమెను ఇంటికి పంపేసింది.

ఆరో రోజు, ప్యాంటు తీసుకోవడానికి దర్జీ దగ్గరికి వచ్చిన బావమరిది ప్యాంటు మర్చిపోయి పరుగెత్తుకొచ్చాడు. గంటలో తన భార్యనీ ఇద్దరు పిల్లల్నీ బట్టల సంచులతో సహా దింపాడు. అక్కని ఈ స్థితిలో ఒంటరిగా వదలకూడదని అతని నిర్ణయం. ఆ వెంటనే హోటల్‌కి వెళ్లాడు. సామాన్ల గది పక్కన, కిటికీ లేని గదిలో, మంచం అంచున కూర్చుని నోటు పుస్తకంలో ఆరో గీత గీసుకుంటున్న బావని చూశాడు. జైల్లో రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషిని చూసినట్టయింది.

"బావా, మా అక్క ఏమన్నా అంటే నేను క్షమాపణ అడుగుతున్నా. ఇంటికి రండి."

"పొద్దున వస్తాగా," అన్నారాయన.

"ఇలా ఎన్నాళ్లు?"

"ఇంకా మూడు రాత్రులున్నాయి. ఇంతకాలం కష్టపడి ఇప్పుడు వదిలేస్తే ఎలా?"

బావమరిది బయటికి వచ్చి, పెద్దక్కకి ఫోను చేశాడు. ఏం చెప్పాడో తెలియదు. చెప్పినంతసేపూ కౌంటరు దగ్గరి అమ్మాయి ఏడుస్తూనే ఉంది.

ఎనిమిదో సాయంత్రం అసలు ముట్టడి జరిగింది. ఏడింటికి ఇన్‌స్పెక్టరు గారు పెట్టె కోసం చూస్తే పెట్టె లేదు. అటక మీదకి చేరింది. వీధి తలుపుకి తాళం. తాళంచెవి బావమరిది జేబులో ఉంది, దర్జీ సాక్షిగా తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్నాడు. ఆలుమగలు ఎదురెదురుగా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకునేదాకా ఎవరూ కదలకూడదన్నది తీర్మానం.

"పెట్టె మీరే ఉంచుకోండి. నన్ను మాత్రం పంపండి," అన్నారాయన గడియారం చూస్తూ.

"చూశావా అక్కా! కట్టుబట్టలతో పోవడానికైనా సిద్ధంగా ఉన్నారు!"

ఏడూ ఇరవై అయింది. ఏడు రాత్రులూ, ఇరవయ్యేళ్ల తిరుగుడూ, భార్య పడుకుని వెళ్లవలసిన ఆ మంచమూ, అన్నీ తాళంచెవి ఉన్న ఆ జేబులో ఉన్నాయి. ఇక దాచి లాభం లేదని ఆయన అంతా చెప్పేశారు. వెండి, బంగారం, వజ్రం, ముప్పై ఒకటో పేజీ, సాగి మంచమయ్యే సీటు, ఒక్కటీ వదలకుండా చెప్పారు.

మొదట దర్జీయే తేరుకున్నాడు.

"తొమ్మిది రాత్రులు హోటల్లో పడుకుంటే ఇద్దర్ని విమానం ఎక్కిస్తారా సార్?"

"అవును."

"పడుకోబెట్టి?"

"పడుకోబెట్టి."

దర్జీ బావమరిది వైపు జాలిగా చూశాడు. బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. "ఎప్పుడూ అబద్ధమాడని మనిషి మీరు బావా! ఆడాల్సొస్తే ఇంతకన్నా నమ్మేది ఒక్కటైనా దొరకలేదా?"

ఆయన కుర్చీలో కూలబడిపోయారు. జీవితంలో ఎవరూ ఆయన మాటని కాదనలేదు. ఆయన సంతకం చూసి పదహారు అంతస్తులు ఎక్కినవాళ్లున్నారు. ఏడూ ముప్పై అయిదు. అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి ఉన్న భార్య చెప్పులు వేసుకుంది.

"పదండి. నేనూ వస్తాను," అంది.

"పరుపు మెత్తన," అన్నారాయన, కళ్లెత్తకుండా.

"నా బల్ల తెచ్చుకుంటాను. ఒరేయ్, అటు పట్టుకో."

కలిసిపోయారన్న సంగతి అర్థమయ్యేసరికి దర్జీ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. తాళం దానంతటదే ఊడినట్టు ఊడింది. ముందు ఆలుమగలు, వెనక ఆరడుగుల చెక్కబల్లని చెరో వైపు మోస్తూ బావమరిదీ దర్జీ, ఆ వెనక బావమరిది భార్యా పిల్లలూ, వాళ్ల వెనక కారణం తెలియని మరో పదిమంది. ఆ ఊరేగింపు హోటల్ చేరేసరికి ఎనిమిదికి రెండు నిమిషాలు తక్కువ. ఇన్‌స్పెక్టరు గారు సంతకం పెట్టి, గడియారం చూసి పక్కన టైము కూడా వేశారు. కౌంటరు దగ్గరి అమ్మాయి కళ్లు తుడుచుకుని, వాళ్లకి నాలుగో అంతస్తులో కిటికీ ఉన్న గది రాసిచ్చింది, అదే అద్దెకి. నాలుగో అంతస్తంటే లిఫ్టు. లిఫ్టు పక్కన అతికించిన తనిఖీ కాగితం చదవకుండా ఆయన ఎక్కరు. చదివారు. సంతకం తనదే. ఎక్కారు. బల్ల మాత్రం లిఫ్టులో పట్టలేదు. బావమరిది మెట్ల మీదుగా, ఏ అంతస్తుకా అంతస్తు ఆగి ఏడుస్తూ సంతోషంగా మోసుకొచ్చాడు.

తొమ్మిదో రాత్రి కూడా ఇద్దరూ అక్కడే ఉన్నారు. ముప్పై ఒకటో తారీకు ఉదయం ఫోనులోకి వజ్రం వచ్చింది. దానితో పాటు, నెలలోపు వాడుకోవలసిన ఒక ఉచిత రాత్రి కూడా వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు పాయింట్లు మార్చారు. రెండు సీట్లూ ఇంకా ఉన్నాయి. లిఫ్టులో దిగుతున్నప్పుడు భార్య ఆయన చేయి పట్టుకుంది. "ఎల్లుండి ఆదివారం ఫోనులో ఏమీ బయటపడకూడదు. నాకు నవ్వొచ్చేస్తుందేమో," అంది.

ఇంటి ముందు ఆటోలోంచి ఒక పెద్ద సంచి దిగుతోంది. సంచి వెనకే, వాచిన కాళ్లతో, కొంగుకి ఇంకా పిండి అంటుకుని ఉన్న ఒక మనిషి దిగింది.

"నీ కాపురం కూలిపోతోందని వాడు చెబితే ఇంకేం చేస్తానే!" అంది అక్క. "పదకొండేళ్లలో బేకరీ ఒక్కరోజూ మూయనిదాన్ని, షట్టరు దించేసి వచ్చా. పంతొమ్మిది గంటలు, నడిమి సీటు. ఏడీ ఆ మహానుభావుడు?"

చెల్లెలు సమాధానం చెప్పలేదు. అడిగినదానికి ఆవిడ సమాధానం చెప్పకపోవడం ముప్పయ్యేళ్లలో అదే మొదటిసారి. అక్క భుజం మీద తల పెట్టి, వీధిలో అందరూ చూస్తుండగా పెద్దగా ఏడ్చింది. అక్క కూడా ఏడ్చింది. ఎందుకు ఏడుస్తున్నారో ఇద్దరికీ సరిగ్గా తెలిసిన ఏడుపు అది. కూలిపోతున్న కాపురానికి అంతకంటే రుజువు వీధివాళ్లకి అక్కర్లేకపోయింది.

విషయమంతా చెప్పడానికి మధ్యాహ్నం పట్టింది. అక్క నమ్మింది. ఆవిడా బేకరీలో అలాంటి కార్డులే ఇస్తుంది, పది రొట్టెలకి ఒకటి ఉచితమని. నమ్మాక, వాచిన కాళ్లని నీళ్లలో పెట్టుకుని తలవంచుకు కూర్చుంది. "అయ్యో, ఉన్నపళంగా వచ్చి మీ కష్టమంతా పాడు చేశాను కదా మరిదిగారూ. నేను వారంలో వెనక్కి పోవాలి. పొయ్యి ఎక్కువ రోజులు ఆరితే గిరాకీ పోతుంది. మళ్లీ అదే నడిమి సీటు."

ఇన్‌స్పెక్టరు గారు ఫోను తీసి, టిక్కెట్ల పేజీ తెరిచారు. ప్రయాణికుల పేర్లు రాయమని రెండు ఖాళీ గళ్లున్నాయి. మొదటి గడిలో భార్య పేరు రాశారు. రెండో గడి దగ్గర కాసేపు ఆగారు. నిబంధనల పుస్తకంలో దీనికి ఏ పేజీలోనూ సమాధానం లేదు.

"వదినగారూ, పాస్‌పోర్టులో మీ పేరు ఎలా ఉందో ఒకసారి చూపించండి," అన్నారు.

"మరి మీరు?" అంది భార్య.

"నాకెక్కడ కుదురుతుంది? జనవరిలో పాత భవనాల లిఫ్టులన్నీ నా మీదే పడ్డాయి."

ఆయన నోటు పుస్తకంలో జనవరి మొత్తానికి మంజూరైన సెలవు కాగితం ఉందని భార్యకి తెలుసు. ఆవిడే మడతపెట్టి అందులో పెట్టింది. ఎక్కి చూడని లిఫ్టుకి ఆయన సంతకం పెట్టడం అదే మొదటిసారి. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. ఈసారి పనేమీ లేకుండా నిలబడలేదు, ఆయనకి కాఫీ కలిపి తెచ్చింది.

వారం తర్వాత అక్కాచెల్లెళ్లు కారెక్కారు. విమానంలో పక్కపక్కనే పడుకుని, పంతొమ్మిది గంటలూ మాట్లాడుకోవడానికి ఏమేం ఉన్నాయో కారు కదలకముందే మొదలుపెట్టేశారు. భార్య కిటికీలోంచి ఆయన కనిపించినంతసేపూ చేయి ఊపింది. ఆయనా ఊపారు. లోపల, సయోధ్య నిలబడేదాకా కదలనని బావమరిది సంసారం ఇంకా ఇంట్లోనే ఉంది. పిల్లలు ఆయన మంచం మీద గంతులేస్తున్నారు. ఉచిత రాత్రి ఒకటి ఉందని, దానికి గడువు ఉందని ఆయనకు గుర్తొచ్చింది. చిన్న పెట్టె పట్టుకుని ఒంటరిగా హోటల్ వైపు నడిచారు.

దర్జీ కత్తెర పక్కన పెట్టి ఫోను అందుకున్నాడు.