మా గెడ్డ నీటి గుణగణాలు

నీరు ఎవరి ఒత్తిడికీ లొంగదని మా కాలనీ అభివృద్ధి సమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రకృతి ఆ తీర్మానం మీద ఇంకా సంతకం చేయలేదు.

దీనికంతటికీ మొదలు సంతోషకుమారి పోయిన రోజు. ఆమె నా భార్య. నేను పాఠాలు చెప్పే బడిలోనే సైన్సు చెప్పేది. పై వీధికి కుళాయి కోసం సమితి గడప అరిగేలా తిరిగి, సాధించింది కూడా ఆమే. ఆ రోజు ఉదయం, గెడ్డ నీటిని పై వీధికి తోడే పంపు ఆపగానే గొట్టం పగిలింది. కడపటి స్నానానికి నీళ్లు గెడ్డ నుంచే తెచ్చారు. కిరండూల్ రైలు లైను పక్కన పారే మా గెడ్డ, అంటే వాగు, ఇనుపరాతి కొండ మీంచి దిగుతుంది కనుక ఎర్రగా ఉంటుంది. నీళ్లు మోసింది పొరుగింటి పోలమ్మ. తేటపడతాయేమోనని బిందెను కాసేపు కదపకుండా ఉంచింది. తేటపడలేదు.

అప్పటి నుంచి గొట్టం అతికించడం, పంపు ఆపగానే అది పగలడం ఆనవాయితీ అయింది. పై వీధి ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తారు.

సమితి అధ్యక్షులు భూషణం గారు ఆధునికులు. గొట్టం మార్చడం పాత పద్ధతి అన్నారు. రాయపూర్ నుంచి సతీష్ అనే ఇంజనీరును పిలిపించారు. గొట్టంలో నీరూ గాలీ కలిసి పరుగెత్తి, పంపు ఆగినప్పుడు వెనక్కి తిరిగి కొట్టే దెబ్బను ఇతను కంప్యూటర్లో ముందుగానే చూపిస్తాడట. దాన్ని సిమ్యులేషన్ అంటారు. భూషణం గారు ఆ మాటను కొత్త చెప్పుల్లా సందర్భం ఉన్నా లేకున్నా వాడేవారు.

సతీష్ వచ్చీ రాగానే నీటి గుణాలు అడిగాడు.

"కంప్యూటర్‌కి నీళ్లంటే ఏమిటో తెలియదండీ. సాంద్రత ఎంత, చిక్కదనం ఎంత, ఒత్తితే ఎంత కుదించుకుంటుంది, అన్నీ మనమే చెప్పాలి."

"కుదించుకోవడమా?" అన్నారు భూషణం గారు. "మన నీళ్లు కుదించుకోవు. అలా రాస్తే పై అధికారులు మన గురించి ఏమనుకుంటారు?"

నీరు కూడా ఒత్తిడికి రవ్వంత తగ్గుతుందనీ, గొట్టాన్ని పగలగొట్టేది ఆ రవ్వంత సంగతేననీ, అది అసలే లేదంటే ఇక్కడ పుట్టిన దెబ్బ అదే క్షణంలో అటు చివరకు చేరినట్టయి లెక్క కూలబడుతుందనీ సతీష్ ఓపిగ్గా చెప్పాడు. వాదన టీలు వచ్చేదాకా సాగింది. చివరకు తీర్మానాన్ని అలాగే ఉంచి, కంప్యూటర్ లోపల మాత్రం నీరు ఎవరూ చూడకుండా కుదించుకోవడానికి సమితి అనుమతించింది.

ఇక కొలవడానికి గెడ్డ నీళ్లు కావాలి. సీసా పోలమ్మకిచ్చి, ఉన్నవి ఉన్నట్టు పట్టి తెమ్మన్నారు.

"గెడ్డ నీళ్లకి గునాలేటి బాబూ," అంది పోలమ్మ, "తాగినోల్లకి రోగాలు గానీ."

అయినా పట్టి తెచ్చింది. ఎర్రని నీళ్లు, అడుగున మన్ను, మూతి దగ్గర నురగ.

మా కాలనీలో ఒక మర్యాద ఉంది. అతిథి ముందు ఏదీ ఉన్నది ఉన్నట్టు పెట్టం. మన దుప్పటి దాచి పక్కింటి దుప్పటి పరుస్తాం. పంపు చూసే కూర్మారావుకు ఆ సీసా చూడగానే తల కొట్టేసినట్టయింది. కండువా మడతపెట్టి నీళ్లు వడకట్టాడు. అది చూసి భూషణం గారు మన పరువు ఇంకా ఎర్రగానే ఉందని, పటిక తిప్పించారు. ఆపైన 'సతీష్ సార్ కోసం' అని చీటీ అంటించి గెస్టుహౌసుకు పంపారు.

మర్నాడు సతీష్ ఆ నీటిని కొలిచాడు. సాంద్రతా చిక్కదనమూ మామూలు నీటికన్నా కాస్త ఎక్కువే. మన్ను లేదు, బుడగలు లేవు. ఇంత శుభ్రమైన గెడ్డను తాను చూడలేదన్నాడు. ఆ గెడ్డను తానే తవ్వించినంత వినయంగా భూషణం గారు తల వంచుకున్నారు.

"ఎర్రగా ఉండాలే," అన్నాను నేను.

"మాస్టారు ఇంకా దుఃఖంలో ఉన్నారు," అని భూషణం గారు సతీష్‌కు మెల్లగా వివరించారు. ఆ తర్వాత నేనేమన్నా దుఃఖం కిందే జమ అయింది.

బడి గోడ మీద సిమ్యులేషన్ వేశారు. నీలిరంగు పాము ఒకటి గొట్టంలో పరుగెత్తి, చివర తల కొట్టుకుని, వెనక్కి వచ్చి, బుద్ధిగా పడుకుంది. గొట్టానికి ఏమీ కాలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

పాత గొట్టాన్నే మళ్లీ అతికించి, కుళాయికి సంతోషకుమారి పేరు పెట్టి, ప్రారంభోత్సవం చేశారు. పై వీధి మొత్తం బిందెలతో వచ్చింది. కుళాయి తిప్పితే ఎర్రగా నీళ్లు వచ్చాయి. అది షామియానా రంగు పడటం వల్ల అన్నారు భూషణం గారు. తర్వాత చేయి పైకెత్తి, ఇప్పుడు పంపు ఆపండి, సైన్సు చూడండి అన్నారు.

కూర్మారావు పంపు ఆపాడు. సరిగ్గా వేదిక పక్కనే గొట్టం పగిలింది. భూషణం గారి తెల్ల బట్టలు కాలర్ నుంచి కింది దాకా ఎర్రబడ్డాయి.

"గునాలన్నీ మీ సొక్కా మీదే ఉన్నాయి బాబూ, కొలుసుకోండి," అంది పోలమ్మ ఖాళీ బిందె ఎత్తుకుంటూ.

సతీష్ తడిసిన ల్యాప్‌టాప్ తుడుచుకుంటూ, లెక్కలో తప్పెక్కడుందో వెతుక్కుంటున్నాడు. గెస్టుహౌసు వంటమనిషి జోసెఫ్ తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. కాస్త తటపటాయించి అడిగాడు.

"సార్, ఆ సీసాలో షర్బత్ బాగుందా? మీరేమీ చెప్పలేదు."

"ఏ సీసా?"

"మీ పేరు రాసిన సీసాండి. అందులో నీళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయండి, అతిథికి అవెలా ఇస్తాను? పారబోసేసి, నిమ్మకాయ పిండి, పంచదారా ఉప్పూ కలిపి, గింజ రాకుండా వడకట్టి పెట్టాను."

సతీష్ ల్యాప్‌టాప్ మూసేశాడు. నిమ్మ వాసన తనకూ వచ్చిందనీ, అడవి గెడ్డ కదా, ఏవో ఆకులు పడి ఉంటాయని సరిపెట్టుకున్నాననీ చెప్పాడు. అంటే సైన్సులో పొరపాటేమీ లేదు. మా గొట్టంలో నిమ్మకాయ షర్బత్ పారినంత కాలం అది పగలదని నిర్ధారణ అయింది.

అసలు గెడ్డ నీళ్లు ఇస్తే మళ్లీ లెక్క వేస్తానన్నాడతను. సమితి సమావేశమైంది. రెండో సీసా ఇస్తే మొదటిది అబద్ధమని ఒప్పుకున్నట్టవుతుంది. అందువల్ల సిమ్యులేషన్ విజయవంతమైందనీ, గెడ్డే నమూనాకు తగినట్టు నడుచుకోలేదనీ తీర్మానించారు. సతీష్‌ను శాలువాతో సాగనంపారు.

భూషణం గారింటికి వెళ్లే గొట్టం మాత్రం ఆ వారమే మార్చారు. దానికి సిమ్యులేషన్ చేయలేదు.

పోలమ్మ మరో సీసా నిండా గెడ్డ నీళ్లు పట్టి నాకు తెచ్చిచ్చింది. బడిలో సంతోషకుమారి బల్ల మీద పెట్టాను. దాన్ని ఎవరూ వడకట్టలేదు. ఆ నీటి గుణాలు ఇంకా ఎవరూ కొలవలేదు. పై వీధి కుళాయికి ఇంకా నీళ్లు రాలేదు.